పద్నాలుగో పేజీలో ముప్పై ఒక్క పేర్లు

"ఇది మా అమ్మ కుట్టింది కాదు," అంది అజ్నీవ్ బామ్మ.

టైము మధ్యాహ్నం ఒంటిగంటా పది. గురువారం, ఏప్రిల్ ఇరవై మూడు. సాయంత్రం ఆరింటికి 'వెర్డుగో పోస్ట్' పేపరు రేపటి పేజీలు మూసేస్తుంది. నా చేతిలో ఉన్నది నాలుగు గంటల యాభై నిమిషాలు.

నా పేరు సిరాన్ బలబానియన్. అమెరికాలో, గ్లెండేల్ పోలీసుల్లో పదకొండేళ్లు చేసి బయటికొచ్చాను. ఇప్పుడు నా కేసులు నావి, నా నోరు నాది. అజ్నీవ్ నాకు సొంత బామ్మ కాదు, ఊరందరికీ బామ్మ; వయసు ఎనభై నాలుగు. పొద్దున ఫోన్‌లో ఆవిడ చెప్పింది ఒక్కటే మాట: "ఇక్కడ అందరూ నాకు చూపు మందగించిందంటున్నారు. నువ్వు రా."

మా ఆర్మేనియన్ల కమ్యూనిటీ హాల్లో గాజు పెట్టె తెరిచి ఉంది. అందులో పెద్ద పళ్లెమంత తెల్ల గుడ్డ. 1923లో అలెప్పో అనాథాశ్రమంలో ముప్పై ఒక్కమంది ఆర్మేనియన్ ఆడపిల్లలు ఎర్ర దారంతో తమ పేరూ, తమ ఊరి పేరూ కుట్టుకున్న గుడ్డ. మరాష్, జెయ్‌తూన్, హాజిన్, ఐంతాబ్. ఆ ఊళ్లకు వాళ్లలో ఒక్కరూ మళ్లీ వెళ్లలేదు. పదకొండేళ్ల హ్రిప్సిమె దాన్ని గౌను లోపల దాచుకుని ఓడ ఎక్కింది. ఆ హ్రిప్సిమె బామ్మకు అమ్మ.

రేపు ఏప్రిల్ ఇరవై నాలుగు. 1915లో ఇస్తాంబుల్ పాలకులు మా జాతిని తుడిచిపెట్టే పని మొదలుపెట్టిన రోజు. అమెరికా ప్రభుత్వం దాన్ని జాతిహత్య అని ఒప్పుకుని కొన్నేళ్లయింది. అయినా ఏప్రిల్ వచ్చేసరికి ఎవరో ఒకరు పేపర్లో పేజీ కొని 'అదంతా కట్టుకథ' అని అచ్చేయిస్తారు. కింద ఏదో సంఘం పేరు, ఒక పోస్టుబాక్సు నంబరు. ఈ ఏడాది మేమే ముందు కొన్నాం. పద్నాలుగో పేజీ నిండా ఈ గుడ్డ ఫొటో, దాని కింద ఒకటే వాక్యం: 'మేం ఇక్కడే ఉన్నాం.'

"ఎలా కనిపెట్టావు బామ్మా?"

"తిరగేసి చూడు."

తిరగేశాను. మా అమ్మమ్మ నాకు ఏడేళ్లప్పుడు నేర్పిన మొదటి సంగతి అది. పనితనం ముందువైపు చూడకూడదు, వెనకవైపు చూడాలి. తప్పు కుడితే వేళ్ల మీద చెంచాతో కొట్టేది. ఈ గుడ్డలో ప్రతి పేరు చుట్టూ మరాష్ కుట్టుతో ఒక చదరం ఉంటుంది. ముందు దారాలతో చట్రం కడతారు. ఆ తర్వాత సూది ఆ దారాల మధ్య పైపైనే అల్లుకుంటూ పోతుంది, గుడ్డలోకి దిగదు. కాబట్టి వెనకవైపు సన్నటి చిన్న గీతలు తప్ప ఏమీ కనపడకూడదు.

ఇక్కడ వెనకంతా దారం గుబురుగా ఉంది. ఒకే కొలతలో, ఒకే బిగువులో, వరసగా. మిషను పని.

"కుట్టుపని క్లాసు పెట్టావా సిరాన్ జాన్?"

తల తిప్పక్కర్లేదు. ముద్దుగా 'జాన్' తగిలించే ఆ గొంతు నొరాయర్ పిలిబోసియన్‌ది. ఊళ్లో పెద్ద డిటెక్టివ్ ఏజెన్సీ అతనిదే. టీవీలో ఎక్కువ కనిపిస్తాడు, కేసుల్లో తక్కువ. బామ్మ నన్ను పిలిచిందని తెలిసి హాలు కమిటీ అతన్ని పిలిచింది.

"నువ్వూ చేరు," అన్నాను. "చేతికి పనుంటే నోటికి కాస్త విశ్రాంతి."

"నా పని అయిపోయింది. దొంగ దొరికాడు." జేబులోంచి కాగితం తీశాడు. "మంగళవారం రెండింటి నుంచి రెండూ ఇరవై దాకా కరెంటు పని. కెమెరా ఆగింది. రెండూ అయిదుకి విజిటర్ల పుస్తకంలో సంతకం. కెరెమ్, ఇస్తాంబుల్ నుంచి వచ్చిన చరిత్ర విద్యార్థి. ఇంకేం కావాలి? నాలుగింటికి టీవీవాళ్లొస్తున్నారు. పేరు చెప్పేస్తున్నాను."

"దొంగతనానికి వచ్చినవాడు సంతకం పెట్టి పోతాడా?"

"పొగరు."

"సంతకం పక్కన ఏం రాశాడో చదివావా?"

అతను చదవలేదు. నేను వచ్చీరాగానే చదివాను. ఆ కుర్రాడు మూడు భాషల్లో ఒకటే మాట రాశాడు: క్షమించండి.

గోడ మీద రేపటి పేజీ నమూనా అంటించి ఉంది. ఫోన్‌తో దాని మూలమూలా పెద్దది చేసి చూశాను. కింద ఎడమ మూల, జెయ్‌తూన్ నుంచి వచ్చిన ఓ పిల్ల పేరు దగ్గర, ఎర్ర దారం కొస ఒకటి కొక్కెంలా వంగి పైకి లేచి ఉంది. పెట్టెలోని గుడ్డ చూశాను. అదే మూల, అదే కొస, అదే వంపు.

"నొరాయర్, ఈ ఫొటో పేపరువాళ్లకు ఎప్పుడు చేరింది?"

"ఆదివారం రాత్రి తొమ్మిదికి. అయితే?"

"ఫొటోలో ఉన్నది నకిలీ గుడ్డే. మంగళవారం మార్చిన గుడ్డ ఆదివారం ఫొటోలోకి ఎలా దూరింది?"

అతని మెడ మీద ఎరుపు పాకింది. "అయితే అంతకు ముందే మార్చేసి ఉంటారు. నెల కిందటో, ఏడాది కిందటో."

"శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఈ పెట్టెలోంచి నేనే తీశాను," అంది బామ్మ. "నేనే మడిచాను. ముద్దుపెట్టి విగెన్ చేతికిచ్చాను, ఫొటో తీస్తానంటే. ఎనభై ఏళ్లుగా ముద్దుపెట్టేదాన్ని గుర్తుపట్టలేనా?"

విగెన్ షామ్లియన్. ప్రకటనల ఏజెన్సీ యజమాని. పద్నాలుగో పేజీ తయారుచేసినవాడు.

"విగెనా?" నొరాయర్ నవ్వాడు. "పదేళ్లుగా మనకు ఊరికే పని చేసిపెడుతున్నాడు. ఆయన్ని అనుమానిస్తే ఊళ్లో నీకు కాఫీ కూడా పుట్టదు."

"నువ్వు నాలుగింటికి ఆ కుర్రాడి పేరు చెబితే మాత్రం 'కట్టుకథ' అనే ఆ సంఘాలకు రేపు పేజీ కొనే పనే ఉండదు. వీళ్లు అబద్ధాలకోర్లని వాళ్లు చెప్పదలుచుకున్నది నువ్వే టీవీలో చెప్పినట్టవుతుంది."

అతను వాచీ చూసుకున్నాడు. "నాలుగు దాకా ఆగుతా. నాలుగూ ఒకటికి ఆగను."

కారెక్కుతూ పోస్ట్ ప్రకటనల విభాగానికి ఫోన్ చేశాను. కొలీన్ అనే ఆవిడ తీసింది. పద్నాలుగో పేజీ ఫొటో ఎప్పుడు తీశారో ఫైల్లో ఉంటుందా అని అడిగాను. కీబోర్డు చప్పుడు.

"ఆదివారం, పంతొమ్మిది. పొద్దున పదకొండూ నలభై."

"పక్క పేజీలో ఏముంది?"

"పదిహేను కూడా అమ్ముడైందండీ. 'చరిత్ర సంభాషణ సంఘం' అట. మ్యాటరు అయిదున్నరకు ఇస్తామన్నారు. మేం రెండు వైపుల మాటా వేస్తాం, అది మా పద్ధతి."

"హత్యకు రెండో వైపేంటమ్మా?"

"నేను ప్రకటనలు తీసుకునే మనిషిని," అంది గొంతు తగ్గించి. "మీరేమైనా మార్చాలంటే ఆరు లోపు పంపండి. ఆరు దాటితే దేవుడొచ్చినా పేజీ కదలదు."

విగెన్ స్టూడియోకి చేరేసరికి రెండూ ముప్పై అయిదు. యాభై ఏళ్లుంటాయి, చక్కటి సూటు. కోటు మీద మరిచిపోవద్దని మేం పెట్టుకునే ఊదారంగు పువ్వు బిళ్ల. పొడుగు పిడి ఉన్న చిన్న రాగి గిన్నె జెజ్వేలో కాఫీ తనే కాచి, నురగ చెదరకుండా చిన్న కప్పులో పోసి ఇచ్చాడు.

"కూర్చో చెల్లీ. బామ్మ ఆరోగ్యం ఎలా ఉంది? ఏదో గొడవ చేస్తోందట."

"గుడ్డ మారిందంటోంది."

"పాపం, వయసు." నిట్టూర్చాడు. "శుక్రవారం ఇచ్చింది. శనివారం మూడు నుంచి ఆరు దాకా ఫొటోలు తీశాను. రాత్రి ఇక్కడే లాకర్లో పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు హాల్లో అప్పజెప్పాను. వాచ్‌మన్ సంతకం ఉంది."

"ఫైల్లో ఆదివారం పదకొండూ నలభై అని ఉంది."

తడబడలేదు. "కెమెరా గడియారం ఎప్పుడూ తప్పే. పదకొండూ నలభైకి నేను చర్చిలో ఉన్నాను. పదిన్నరకు వెళ్లాను, పన్నెండూ నలభై అయిదుకి బయటికొచ్చాను. గుడ్డ పెట్టె నా ఒళ్లోనే ఉంది. ఆశీర్వాదం దొరుకుతుందని తీసుకెళ్లాను. ఆరు వందల మంది ఉన్నారక్కడ."

మంచి సాక్ష్యం. ఆరు వందల మందిలో ఒకణ్ని చూశామని ఎవరూ గట్టిగా చెప్పలేరు, చూడలేదనీ చెప్పలేరు.

"మనవాళ్ల సంస్మరణ కూడా ఆ రోజే కదా," అన్నాను, కాఫీ ఊదుకుంటూ. "బాగా జరిగిందా?"

"మాటలా!" కళ్లు తుడుచుకున్నాడు. "చివర్లో ఫాదర్ ఘెవొంద్ మన పదిహేను లక్షల మందికీ ఆత్మశాంతి ప్రార్థన మొదలుపెట్టారు చూడూ... సాంబ్రాణి పొగ, అందరి తలలూ వంగిపోయాయి. 'ప్రభూ, వాళ్ల ఆత్మలకు విశ్రాంతినివ్వు' అన్నప్పుడు నేను ఏడ్చేశాను. చిన్నప్పుడు నాన్న పక్కన నిలబడి విన్నట్టే ఉంది."

కప్పు కింద పెట్టాను.

"విగెన్, నువ్వు చర్చికి వెళ్లి ఎన్నేళ్లయింది?"

"అదేం ప్రశ్న?"

"2015 ఏప్రిల్ ఇరవై మూడున, సరిగ్గా ఇదే తేదీన, మన చర్చి వాళ్లందర్నీ పునీతులుగా ప్రకటించింది. పేరు తెలిసినవాళ్లనీ, తెలియనివాళ్లనీ. ఆ రోజు నుంచి వాళ్లకు ఆత్మశాంతి ప్రార్థన లేదు. పునీతులకు మనం శాంతి కోరడమేంటి? మనకోసం దేవుడికి చెప్పమని వాళ్లనే అడుగుతాం. ఆదివారం నేను మూడో వరసలో ఉన్నాను. తల వంచుకున్నవాళ్లు ఒక్కరు లేరు. అందరం తలెత్తి పాడాం."

అతని చూపు నా మీద నుంచి కంప్యూటర్ తెర మీదకు పోయింది.

"పరాయివాడివైతే ఎవర్నైనా అడిగి తెలుసుకునేవాడివి," అన్నాను. "మనవాడివి కాబట్టి తెలుసనుకున్నావు. నువ్వు చెప్పింది నీ చిన్నప్పటి పూజ."

లేచి వెళ్లి అతని కంప్యూటర్ తెర నావైపు తిప్పుకున్నాను. అడ్డం రాబోయాడు. నేను అతనికన్నా నాలుగంగుళాలు పొడవు, పైగా పోలీసుల దగ్గర నేర్చుకున్న చూపొకటి ఉంది. ఆగిపోయాడు.

తెర మీద ఒక పేజీ సిద్ధంగా ఉంది. పైన పదిహేను అంకె. నకిలీ గుడ్డ వెనకవైపు, పదింతలు పెద్దదిగా. మిషను కుట్ల చుట్టూ నల్ల వలయాలు. పైన పెద్ద అక్షరాలు: 'పక్క పేజీలో మీరు చూసి కన్నీరు పెట్టుకున్న గుడ్డ ఇదే. దీన్ని కుట్టి నెల కాలేదు. వాళ్లు చెప్పే మిగతా కథ మాత్రం నిజమా?'

అంటే రెండు పేజీలూ ఇతనే చేశాడు. మా పేజీ, దాన్ని పొడిచే పేజీ. పొద్దున్నే జనం పేపరు విప్పితే రెండూ ఎదురెదురుగా ఉంటాయి.

"ఎందుకు?"

"మూడేళ్ల కాంట్రాక్టు ఇస్తామన్నారు," అన్నాడు కూలబడి. "చెల్లీ, ఒక్క గుడ్డే కదా! అమెరికా ఒప్పుకుంది, ఫ్రాన్స్ ఒప్పుకుంది, ప్రపంచం సగం ఒప్పుకుంది. ఒక్క గుడ్డ పోతే ఏం పోతుందిలే అనుకున్నాను."

"వాళ్లకు దేశాలు అక్కర్లేదు. పేర్లు కావాలి. ఒక్క పేరు అబద్ధమని చూపిస్తే అన్నీ అబద్ధమనొచ్చు. అది ప్రకటనలవాడివి నీకు తెలియదా? అసలు గుడ్డ ఎక్కడ?"

"సంఘం తరఫున ఒకావిడ వచ్చింది. ఆదివారం పదకొండుంబావుకి, ఇక్కడికే. మార్చిలో నేను పంపిన ఫొటోలు చూసి కుట్టించిన నకిలీ తెచ్చింది. దాన్ని ఫొటో తీశాను. పన్నెండుకి అసలుది తీసుకుని వెళ్లిపోయింది. పేరు చెప్పలేదు. కాల్చేస్తారనుకుంటా. ఈ పేజీ కాపీ కూడా వాళ్లకు పంపేశాను."

ఆవిడ నంబరుకి అతని చేతే ఫోన్ చేయించాను. ఎవరూ ఎత్తలేదు. సందేశం వదలమంది. ఫోన్ లాక్కుని నా పేరూ నంబరూ చెప్పాను. ఇంకేం చెప్పాలి? బెదిరించాలా, బతిమాలాలా? బల్ల మీద మా పేజీ నమూనా ఉంది. ఒక్కో పేరూ, ఒక్కో ఊరూ, వరసగా చదివాను. మరాష్ నుంచి హ్రిప్సిమె. హాజిన్ నుంచి లూసాబెర్. ముప్పై ఒకటీ చదివాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. విగెన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

తిరిగి హాలు చేరేసరికి మూడూ నలభై. నొరాయర్ మైకు సరిచేసుకుంటున్నాడు. జరిగిందంతా చెప్పాను. అతను మైకు తీసి పక్కన పెట్టాడు.

"పేజీ ఆపేయించు," అన్నాడు.

"ఆపితే పద్నాలుగు ఖాళీ, పదిహేను వాళ్లది. అప్పుడు పేపరంతా వాళ్లదే."

"మరేం వేస్తాం? అసలు గుడ్డ ఫొటోలన్నీ వాడు చెరిపేశాడన్నావు. గుడ్డ లేదు."

అజ్నీవ్ బామ్మ కుర్చీలోంచి లేచింది. చేతిసంచిలోంచి అట్ట చిరిగిన నోటు పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. నలభై ఏళ్లుగా ఆ ముప్పై ఒక్కమంది పిల్లలు ఏమయ్యారో వెతుకుతోంది ఆవిడ. ఒకరు ఫ్రెస్నోలో ద్రాక్షతోటల్లో పని చేశారు. ఒకరు బేరూత్‌లో పంతులమ్మ. ఇరవై రెండు మంది కుటుంబాలు దొరికాయి. మనవల పేర్లు, ఫోన్ నంబర్లు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి.

"గుడ్డను మిషను మీద కుట్టొచ్చు," అంది బామ్మ. "మనుషుల్ని కుట్టమను చూద్దాం."

నొరాయర్ నా వైపు చూశాడు. తర్వాత టీవీ కెమెరా వైపు చూశాడు. మెడకు కట్టుకున్న టై లాగి పక్కన పడేశాడు. "ఒరేయ్, లైవ్ పెట్టు," అన్నాడు కెమెరామన్‌తో. "నా దగ్గర పనికొచ్చేది ఈ మొహం ఒక్కటే, అది ఊరంతటికీ తెలుసు. ఇవాళ దానికి పని దొరికింది."

నాలుగింటికి అతను కెమెరా ముందు నిలబడ్డాడు. కెరెమ్ పేరు ఎత్తలేదు. నోటు పుస్తకంలోంచి ఇరవై రెండు ఇంటిపేర్లు చదివి, అయిదింటికల్లా హాలుకు రమ్మన్నాడు. నేను ఒక పక్క, బామ్మ ఒక పక్క ఫోన్లు పట్టుకున్నాం.

నాలుగూ ఇరవైకి మొదటి కారు వచ్చింది. మెకానిక్, చేతులకు గ్రీసు. "లూసాబెర్ మా నానమ్మ," అన్నాడు. తర్వాత తెల్లకోటు విప్పకుండా ఒక పళ్ల డాక్టరు. బడి యూనిఫాంలో కవల పిల్లలు. రొట్టెల కొట్టు నడిపే భార్యాభర్తలు, కూడా మూడు బుట్టల లహ్మజూన్, కైమా పరిచిన పల్చటి రొట్టెలు, వేడివేడిగా. "ఫొటోకి నిలబడాలంటే కడుపులో ఏదో ఉండాలి కదా," అంది ఆవిడ. వచ్చినవాళ్లు తిన్నారు, అరుచుకున్నారు, ముందు వరస కోసం పోట్లాడుకున్నారు. వందేళ్ల కిందట ఒకే గదిలో పడుకున్న పిల్లల మనవలు ఒకరినొకరు అప్పుడే చూసుకుంటున్నారు.

అయిదూ పదికి పద్దెనిమిది కుటుంబాలు. ఎనభై మూడు మంది. ఒక్కో కుటుంబం ముందు ఒకరు తెల్ల కాగితం పట్టుకున్నారు, దాని మీద తమ పిల్ల పేరూ ఊరూ సొంత చేత్తో రాసి. రాలేకపోయినవాళ్లవీ, ఆచూకీ దొరకనివాళ్లవీ కలిపి పదమూడు పేర్లు బామ్మ తనే రాసి ముందు వరస కుర్చీల్లో పెట్టించింది.

"నవ్వాలా, వద్దా?" అని అడిగాడు మెకానిక్.

"నీ ఇష్టం," అంది బామ్మ. "తల మాత్రం దించకు."

అయిదూ నలభై ఎనిమిదికి ఫొటో పోస్ట్‌కి చేరింది. కింద వాక్యం మార్చలేదు. 'మేం ఇక్కడే ఉన్నాం.' ఆ మాటకు ఇప్పుడు ఎనభై మూడు మంది సాక్షులు.

అయిదూ యాభై నాలుగుకి కొలీన్ ఫోన్. "పదిహేనో పేజీ మ్యాటరు ఆ సంఘం పంపింది. పక్క పేజీలోని గుడ్డ నకిలీ అని ఉంది. కానీ పక్క పేజీలో గుడ్డే లేదు కదండీ?"

"లేదు."

"అదే. మా పేజీలో లేనిదాన్ని ఉందని అచ్చెయ్యడం కుదరదని వెనక్కి పంపేశాను. అదీ మా పద్ధతే." గొంతులో చిన్న నవ్వు. "ఆ రొట్టెల బుట్టలు ఫొటోలో నుంచి తీసేయమంటారా?"

"ఉండనివ్వండి."

ఆరయింది. పేజీ మూసుకుంది. హాలంతా ఒకటే కేక. నొరాయర్ బామ్మ చేతిని కళ్లకద్దుకున్నాడు. అతను ఏడుస్తుండగా కెమెరా ఆపించడం మర్చిపోయాడు. ఆ సంగతి నేను చెప్పలేదు.

బామ్మ మాత్రం ఖాళీ గాజు పెట్టె దగ్గరే నిలబడింది. పేజీ దక్కింది. గుడ్డ దక్కలేదు. వాళ్లమ్మ చేతిపని ఎక్కడో బూడిదై ఉండొచ్చు. నేను బయటికొచ్చాను.

ఆరూ ఇరవైకి నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆడగొంతు, చాలా మెల్లగా.

"మీ సందేశం తొమ్మిదిసార్లు విన్నాను. కాల్చమన్నారు. నేను కాల్చలేదు."

"ఎక్కడున్నారు?"

"మీ వీధి చివర, లైబ్రరీ వెనక కార్లు పెట్టేచోట. గుడ్డ నా ఒళ్లో ఉంది. ఇరవై నాలుగో పిల్ల, హాజిన్ నుంచి వచ్చిందని చదివారే... మా అమ్మమ్మా ఆ ఊరిదే. అదానాలో పెరిగింది, నమాజు చేసింది, ఆరుగురు పిల్లల్ని కంది. పోయే ముందు రోజు నన్నొక్కదాన్నే దగ్గరకు పిలిచి, తనకు అంతకు ముందు ఇంకో పేరు, ఆర్మేనియన్ పేరు ఉండేదని చెప్పింది. అప్పటి నుంచి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు నేను. కాల్చలేదని వాళ్లకు తెలిసిపోయింది. నా వెనక కారొకటి ఆగింది. లైట్లు ఆర్పేశారు."

అప్పటికే పరుగెడుతున్నాను. వెనక నుంచి నొరాయర్ బూట్ల చప్పుడు.

"తలుపులు లాక్ చెయ్యండి, హారన్ నొక్కి పట్టుకోండి! మీ పేరు చెప్పండి!"

"ఏ పేరు?" అంది. "పాస్‌పోర్టులో ఉన్నదా, మా అమ్మమ్మ నా చెవిలో చెప్పినదా?"

ఆమె వెనక ఎక్కడో కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. ఆ తర్వాత, లైబ్రరీ వైపు నుంచి, ఆగకుండా హారన్.